కూలిన మస్టాంగ్ స్థానంలో ఏది కొనాలి? మన అనంతపురం నేలకు సరిపోయే ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) ప్లేన్

నమస్తే అందరికీ. ఈ వీడియో ఒక తమ్ముడు అడిగాడని చేస్తున్నా. ఉరవకొండ దగ్గర పల్లె, డిగ్రీ చదువుతున్నాడు. కొన్ని సెకన్ల వీడియో, రెండు ఫొటోలు పంపి ఇలా రాశాడు: "అన్నా, నా పి-51 మస్టాంగ్ పోయింది. ఇంట్లో బతిమాలితే 8,000 ఇస్తామన్నారు. అంతలో ఇంకో ఎలక్ట్రిక్ ప్లేన్ చెప్పు. ఈసారి పడకూడదు."

తమ్ముడూ, పడని ప్లేన్ నాకు తెలియదు. ఎవరైనా ఉందని చెప్తే అమ్మేవాడై ఉంటాడు. నేను ప్లేన్ ఎంచుకునే లెక్క వేరు. పడినప్పుడు అందులో ముందు ఏది విరుగుతుంది? ఆ విరిగింది మన ఊళ్లో దొరుకుతుందా? సాయంత్రం అతికిస్తే మరుసటి పొద్దున ఎగురుతుందా? ఈ మూడింటికీ జవాబు దొరికాకే రంగు, స్పీడు, అందం చూస్తా.

సరే, ముందు వీడియో ప్లే చేస్తున్నా. ప్లేన్ ఎడమ వైపుకు పోతోంది, గాలి వెనక నుంచి తోస్తోంది. ఎత్తు చూడండి, పక్కనున్న కరెంటు స్తంభానికి రెండింతలు కూడా లేదు. గాలి తోస్తుంటే కింద నిలబడి చూసేవాడికి ప్లేన్ దూసుకుపోతున్నట్టు కనిపిస్తుంది. అందుకే తమ్ముడు థ్రాటిల్, అంటే మోటార్ పవర్, తగ్గించాడు. మోటార్ శబ్దం వినండి, ఇదిగో, ఇక్కడ దిగింది. కానీ రెక్కకు కావలసింది నేలను బట్టి చూసే స్పీడు కాదు, గాలిని కోసుకుపోయే స్పీడు. అది అప్పటికే అడుగంటింది.

ఇప్పుడు ఎడమకు తిప్పాడు. సరిగా తిరగడం లేదని ఎలివేటర్, అంటే ముక్కును పైకెత్తే తోక పలక, లాగాడు. ఇక్కడ ఆపుతున్నా. ఎడమ రెక్క కొస చూడండి, ఒక్కసారిగా జారింది. దాన్ని ఎత్తాలని రిమోట్ స్టిక్ కుడికి కొట్టాడు. నాకెలా తెలుసంటే, జూమ్ చేస్తే ఎడమ ఎయిలరాన్, అదే రెక్క వెనక అంచున కదిలే పలక, కిందికి దిగి కనిపిస్తోంది. మామూలుగా అయితే ఆ రెక్క లేవాలి. కానీ అప్పటికే స్టాల్ అయిన, అంటే స్పీడు చాలక మోసే శక్తి పోయిన, రెక్కకు ఎయిలరాన్ దించితే అది ఇంకా లోతుగా స్టాల్ అవుతుంది. అక్కడి నుంచి సగం చుట్టు తిరిగి, ముక్కు నేరుగా చేన్లోకి.

దీన్ని టిప్ స్టాల్ అంటారు. ఇందులో రేడియో, అంటే మన చేతిలోని రిమోట్, తప్పు లేదు. సిగ్నల్ పోయి ఉంటే ఆఖరు క్షణంలో ఎయిలరాన్ అలా స్టిక్కు మాట వినేది కాదు. ఇది ముందే తేల్చుకోవడం ఎందుకంటే, సిగ్నల్ పోయి పడితే కొత్త ప్లేన్ కొన్నా లాభం లేదు, ప్లేన్‌లో సిగ్నల్ అందుకునే రిసీవర్, దాని యాంటెన్నా చూసుకోవాలి. ప్లేన్ మనవైపు వస్తోందో అవతలికి పోతోందో తెలియక పడేస్తే రెక్క అడుగున ముదురు రంగు టేపు వేసుకుంటే చాలావరకు సరిపోతుంది. స్టాల్ అయి పడింది అంటే మాత్రం ప్లేన్ రకమే మార్చాలి. తమ్ముడికి కావలసింది అదే.

మస్టాంగ్ మీద నాకేం కోపం లేదు. అసలు విమానం రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్లకు కాపలాగా బెర్లిన్ దాకా పోయి వచ్చింది. కానీ దాని రెక్క కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది. చిన్న మోడల్‌లో ఆ సన్నటి కొస తొందరగా చేతులెత్తేస్తుంది. పైగా బరువు. ఒక చిన్న లెక్క చేద్దాం, దుకాణంలో నిలబడి కూడా చేయొచ్చు. ప్లేన్ బరువు గ్రాముల్లో తీసుకోండి. రెక్క వైశాల్యం చదరపు డెసిమీటర్లలో తీసుకోండి, డెసిమీటరు అంటే 10 సెంటీమీటర్లు. బరువును వైశాల్యంతో భాగించండి. తమ్ముడి ప్లేన్ బ్యాటరీతో కలిపి కిలో, రెక్క సుమారు 20. అంటే ఒక చదరపు డెసిమీటరు మీద 50 గ్రాములు. మన ఎండకు వేడెక్కి పలచబడిన గాలిలో అలాంటి ప్లేన్ గంటకు 32 కిలోమీటర్ల కన్నా నెమ్మదిస్తే నిలబడదు. అదే 30 గ్రాములుంటే 25 దాకా నిలబడుతుంది. సుమారు లెక్కే అనుకోండి, కానీ మలుపులో ఈ తేడా పెరుగుతుంది. 60 డిగ్రీలు వాల్చి ఎత్తు పోకుండా తిప్పితే రెక్క మోయాల్సిన బరువు రెట్టింపు. అప్పుడు ఆ 32 కాస్తా 45 అవుతుంది. థ్రాటిల్ దించి ఆ మలుపు తిప్పితే ఏమవుతుందో ఇప్పుడే చూశాం.

ఎండ అన్నాను కదా, అది ఉత్తమాట కాదు. అనంతపురం సముద్రమట్టానికి 300 మీటర్లకు పైన ఉంది. మే నెలలో 40 డిగ్రీలు దాటిందంటే ఇక్కడి గాలి సాంద్రత పుస్తకాల్లో చెప్పే లెక్క కంటే 10 శాతానికి పైగా తక్కువ. చలిదేశాల వాళ్లు వీడియోల్లో "ఇది చాలా నెమ్మదిగా ల్యాండ్ అవుతుంది" అంటే, మన దగ్గర అది కొంచెం స్పీడుగానే దిగుతుంది.

ఇప్పుడు ఫొటోలు. మోటార్ బిగించే ప్లైవుడ్ ముక్క, అదే ఫైర్‌వాల్, ఫోమ్‌తో సహా ఊడి వచ్చింది. ప్రొపెల్లర్ రెండు ముక్కలు. మోటార్ షాఫ్ట్ వంగినట్టుంది. తమ్ముడూ, మోటార్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పి చూడు. అయస్కాంతాల వల్ల ఆగి ఆగి తిరగడం మామూలే. గరగరమని రాపిడి తగిలితే బేరింగు పోయింది. అలాగే ఒక్కో సర్వో, అదే పలకలను కదిపే చిన్న మోటార్, ఆర్మ్‌ను వేలితో మెల్లగా కదుపు. ఒక చోట పట్టు తప్పి జారితే లోపల పళ్లు విరిగాయి. బయటికి అన్నీ బాగానే కనిపిస్తాయి, అదే వాటితో వచ్చిన చిక్కు.

మిగిలింది చూస్తే తక్కువేం కాదు. ఆరు చానెళ్ల ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 రేడియో, రిసీవర్, మోటార్ స్పీడును నడిపే 30 ఆంప్స్ ఈఎస్‌సీ, 9 గ్రాముల సర్వోలు నాలుగు, చార్జర్, దెబ్బ తగలని 3ఎస్ (మూడు సెల్స్) 2200 ఎంఏహెచ్ బ్యాటరీ ఒకటి. ఈ హాబీలో ఖర్చంతా వీటిదే, ఫోమ్‌ది కాదు. కాబట్టి కొనాల్సింది వీటిని తనలో పెట్టుకోగల బాడీ. ఈ బ్యాటరీ ఒక్కటే 180 గ్రాముల దాకా ఉంటుంది. 80 సెంటీమీటర్ల రెక్కల బుల్లి ప్లేన్ ముద్దుగా ఉందని తీసుకుంటే ఇది అందులో పట్టదు, పట్టినా ప్లేన్ దాన్ని మోయలేదు.

డబ్బా మీద రాసి ఉండే అక్షరాల దగ్గర చాలామంది మోసపోతారు. ఆర్‌టీఎఫ్ అంటే రేడియోతో సహా అన్నీ ఉంటాయి. నీకు రేడియో ఉంది, మళ్లీ దానికి డబ్బులెందుకు? బీఎన్‌ఎఫ్ అంటే రిసీవర్ లోపలే ఉంటుంది, మన రేడియోకు జత చేసుకోవాలి. కానీ అది ఎక్కువగా స్పెక్ట్రమ్ అనే వేరే కంపెనీ పద్ధతిలో వస్తుంది, ఫ్లైస్కైతో మాట్లాడదు. రెండూ 2.4 గిగాహెర్ట్జ్ అయినా సరే. నీకు కావలసింది పీఎన్‌పీ, అంటే మోటార్, సర్వోలు బిగించి ఉండి రిసీవర్, బ్యాటరీ మనం పెట్టుకునేది. లేదా ఉత్త ఫోమ్ కిట్. నీ మోటార్ బాగుంటే కిట్టే మేలు.

విదేశీ సైట్లలో చవగ్గా కనిపిస్తే వెంటనే బటన్ నొక్కకండి. 2022 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం తయారైన డ్రోన్ల దిగుమతిని నిషేధించింది, విడిభాగాలను వదిలేసింది. నీది డ్రోన్ కాదు, బొమ్మ విమానం అని కస్టమ్స్ వాళ్లకు నువ్వు నచ్చచెప్పుకునే టెన్షన్ ఎందుకు? ఇక్కడ స్టాకున్న షాపులోనే కొను. విడి రెక్క, విడి ప్రొపెల్లర్ అమ్ముతారా అని అడిగి మరీ కొను. లేవంటే ఆ ప్లేన్ ఎంత బాగున్నా వదిలెయ్.

ఇప్పుడు అసలు విషయం, నేల. మన జిల్లాలో పచ్చగడ్డి రన్‌వే ఎవరికుంది? ఉరవకొండ వైపు నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలు విచ్చుకుంటాయి, అందులో మస్టాంగ్ చక్రం పడితే చాలు, ప్లేన్ ముక్కు మీద లేస్తుంది, ప్రొపెల్లర్ హరీ. ఇటు ఎర్రనేలల్లో గులకరాళ్లు. ఎండిన చెరువు బాగుంటుందని పోతే చుట్టూ కంప చెట్లు. ఆ ముళ్లలోంచి రెక్కను బయటికి లాగిన వాళ్లకే తెలుస్తుంది ఆ బాధ. శెనక్కాయ పీకేసిన చేను మాత్రం బంగారం, అది కూడా రైతును అడిగి.

అందుకే చక్రాలు లేనిది తీసుకో. చేత్తో విసిరి లేపాలి, పొట్ట మీద దింపాలి. మోటార్ ముక్కు మీద కాకుండా రెక్క వెనక ఉండాలి. దీన్ని పుషర్ అంటారు. రెక్క బాడీకి పైన ఉండాలి, కొసలు కొంచెం పైకి లేచి ఉండాలి. స్టిక్ వదిలేస్తే తనంతట తాను సర్దుకోవడానికి అది సాయం చేస్తుంది. జర్మనీ కంపెనీ మల్టీప్లెక్స్ ఈజీస్టార్ అని ఇలాంటిది తెచ్చింది. తర్వాత అదే బాటలో బిక్స్‌లర్, స్కైసర్ఫర్ లాంటివి వచ్చాయి. రెక్క 1.4 మీటర్లు, బరువు కిలోకు బాగా తక్కువ. నా ఓటు ఈ రకానికే.

చూడ్డానికి అందం లేదు, ఒప్పుకుంటా. పైన పొడుగు రెక్క, కింద ముక్కు ఒక్కటే మిగిలిన చేపలా ఉంటుంది. కానీ ఆ ముక్కులో మోటార్ లేదు, షాఫ్ట్ లేదు, ఫైర్‌వాల్ లేదు. ఉన్నదల్లా ఫోమ్. నిటారుగా పడినా ఫోమ్ నలుగుతుంది, మోటార్ చాలాసార్లు బతికిపోతుంది. ముక్కులో బ్యాటరీ ఉంటుంది కాబట్టి దాని ముందు మెత్తటి స్పాంజి ముక్క పెట్టు, లేకపోతే అది ముందుకు జారి సొట్టపడుతుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. మోటార్ పైన ఉండడం వల్ల థ్రాటిల్ ఒక్కసారిగా పెంచితే ముక్కు కిందికి దిగుతుంది. స్టాల్ నుంచి బయటపడాలంటే అది మంచిదే, కానీ చేత్తో విసిరేటప్పుడు తెలిసి ఉండాలి. విసిరే చెయ్యి ప్రొపెల్లర్ దారిలోకి రాకూడదని వేరే చెప్పాలా.

గైరో, అంటే ప్లేన్ ఊగితే తానే సర్దే పరికరం, ఉన్నది తీసుకోవాలా అని చాలామంది అడుగుతారు. గాలికి ఊగిపోకుండా పట్టుకుంటుంది, నిజమే. కానీ దాన్ని చూసి ప్లేన్ ఎంచుకోకండి. చేతిలో స్పీడు లేకుండా మలుపు తిప్పితే గైరో కూడా ఏమీ చేయలేదు.

గాలి మాట వచ్చింది కాబట్టి చెప్తా. తేలికైన ప్లేన్ గాలికి ఎక్కువ ఊగుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మన దగ్గర గాలి ఎలా ఉంటుందో రామగిరి కొండల మీద గాలిమరలను అడగండి. దానికి విరుగుడు బరువైన ప్లేన్ కొనడం కాదు, ఆ నెలల్లో పొద్దున ఎండెక్కకముందే ముగించడం. దసరా దాటాక సమస్యే ఉండదు.

రిపేరు సంగతి. ఈపీఓ, అంటే ఇలాంటి ప్లేన్లకు వాడే సాగే రకం ఫోమ్, దాని ముక్కు నలిగితే మరుగుతున్న నీళ్లు మెల్లగా పోయండి, నొక్కుకుపోయిన గింజలు మళ్లీ ఉబ్బుతాయి. విరిగితే హార్డ్‌వేర్ షాపులో దొరికే అరాల్డైట్ చాలు. ఫెవిక్విక్ లాంటిది ఈపీఓ మీద పనిచేస్తుంది, మామూలు థర్మాకోల్ మీద వేస్తే మాత్రం తినేస్తుంది. గ్లూ గన్ మీద నాకు నమ్మకం లేదు. మన ఎండలో బండి సీటు మీద పెట్టిన ప్లేన్‌కు గ్లూ మెత్తబడి మోటార్ మౌంట్ పక్కకు ఒరుగుతుంది. సొంతంగా చేసుకోవాలనుకుంటే ఫ్లైట్ టెస్ట్ అనే యూట్యూబ్ చానెల్ వాళ్ల ప్లాన్లు ఇంటర్నెట్‌లో ఉచితం. కాకపోతే మన స్టేషనరీ షాపు ఫోమ్‌బోర్డు వాళ్లు వాడే దానికన్నా బరువు, తూకం వేసుకుని కోయండి.

కొత్తదానికి సర్వోలు బిగించాక, ఎగరేసే ముందు వెనక నిలబడి స్టిక్ కుడికి జరుపు. కుడి ఎయిలరాన్ పైకి లేవాలి. తిరగబడి ఉంటే రేడియోలో రివర్స్ చెయ్. ఇది చూడకుండా విసిరితే గాలిలో పట్టుకునే టైమ్ ఉండదు.

కర్నూలు, కడప నుంచి చూసేవాళ్లకు ఒక మాట. 2021 డ్రోన్ రూల్స్‌లో సరదాగా, కంటి చూపు దాటకుండా ఎగరేసే మోడల్ విమానాల ప్రస్తావన కూడా ఉంది. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాకా, విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. ఇంకా దగ్గరైతే అనుమతి లేకుండా వద్దు. ఓర్వకల్లు, కడప, పుట్టపర్తి చుట్టుపక్కల వాళ్లు ప్రభుత్వ డ్రోన్ సైట్ డిజిటల్ స్కైలో మ్యాప్ చూసుకున్నాకే ప్లేన్ బయటికి తీయండి.

కాబట్టి తమ్ముడూ, 1.4 మీటర్ల పుషర్ కిట్, ఒక విడి ప్రొపెల్లర్, కొంచెం అరాల్డైట్. 8,000లో మిగిలితే రెండో బ్యాటరీ. నీ మస్టాంగ్ మోటార్ దీనికి పనికొస్తుందో లేదో మౌంట్ కొలతలు, బరువు పంపితే చెప్తా. రెండో ఫొటోలో ఉబ్బిన బ్యాటరీ ఉంది చూశావా, మూల నొక్కుకుపోయింది. దాన్ని చార్జింగ్‌కు పెట్టొద్దు, ఇంట్లో ఉంచొద్దు. బయట ఇసుక నింపిన పాత కుండలో పెట్టి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చెయ్. వంగిన షాఫ్ట్ మార్చేది ఎట్లాగో వచ్చే ఆదివారం వీడియోలో చూపిస్తా.