చెవి మూసి చూడాల్సిన సినిమా
(పాలమూరులో డిగ్రీ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

విద్యార్థి మిత్రులారా,

వన్యప్రాణుల డాక్యుమెంటరీలో కంటికి కనిపించే జంతువు నిజమే. చెవిన పడే చప్పుడు మాత్రం చాలావరకు తర్వాత స్టూడియోలో చేరింది. అందుకే మొదటిసారి శబ్దం ఆపేసి చూడమంటాను.

లెక్క కట్టండి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. పెద్ద లెన్సుతో 170 మీటర్ల నుంచి తీస్తున్న దుప్పి ఎండుటాకు తొక్కితే, ఆ చప్పుడు కెమెరా దాకా వస్తే గిస్తే అర సెకను ఆలస్యంగా రావాలి. తెర మీద గిట్ట ఆనగానే కరకరమంటుంది. అది ఫోలీ కళాకారుల పని, అంటే బొమ్మకు తగ్గ చప్పుళ్లను స్టూడియోలో పుట్టించేవాళ్లది. మంచులో అడుగులకు మొక్కజొన్న పిండి నింపిన సంచి పిసుకుతారు, రెక్కలకు తోలు గ్లౌజులు విదిలిస్తారు. స్లో మోషన్‌లో ఈ అతుకు ఇంకా తేలిగ్గా దొరుకుతుంది. సెకనుకు 120 ఫ్రేములు తీసి 24 చొప్పున చూపితే ఒక్క సెకను ఐదవుతుంది. అసలు శబ్దాన్ని అంత సాగదీస్తే మిగిలేది గురగుర మాత్రమే. ఇంతవరకు నేను తప్పు పట్టను, మూగ అడవిని ఎవరు చూస్తారు?

అసలు తప్పు మొదలయ్యేది వ్యాఖ్యానంతో. డిస్నీ వాళ్ల 1958 నాటి ‘వైట్ వైల్డర్‌నెస్’లో లెమ్మింగులనే చిట్టెలుకల వంటి జీవులు తమంతట తామే సముద్రంలోకి దూకుతున్నట్టు చెప్పారు. నిజానికి వాటిని మానిటోబా నుంచి అల్బర్టాకు తెచ్చి, గట్టు మీంచి నదిలోకి తోశారు. 1982లో కెనడా టీవీ సంస్థ సీబీసీ ఈ సంగతి బయటపెట్టింది. ఆ చిత్రానికి ఆస్కార్ కూడా వచ్చింది మరి!

రెండోసారి చూసేటప్పుడు ఆపి ఆపి చూడండి. ‘ఈ ఆడపులి’ అని కథ నడిపితే చారలు పోల్చండి. ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో కెమెరా ట్రాప్ (జంతువు ఎదురుగా రాగానే తనంతట తానే తీసే కెమెరా) ఫొటోలతో పులులను గుర్తుపట్టేదీ వీటితోనే. కుడి, ఎడమ పక్కల చారలు వేరుగా ఉంటాయి కాబట్టి ఒకే పక్కను పోల్చాలి, లేకుంటే ఒక్క పులే రెండుగా లెక్కకొస్తుంది. తర్వాత నీడలు. ఒకే వేటలో నీడ ఒకసారి పొడుగ్గా, ఒకసారి కాళ్ల కిందికి వచ్చిందంటే పొద్దటి షాటూ మిట్టమధ్యాహ్నపు షాటూ కలిపి కుట్టారన్నమాట. గడ్డి రంగు కూడా పట్టిస్తుంది: నల్లమలలో ఎండాకాలం గోధుమరంగు, వానలు పడ్డాక పచ్చన.

మూడోసారి శబ్దం పెట్టి, ప్రతి వాక్యం దగ్గర ఆపండి. ‘తల్లి పిల్లను నాకింది’ తెర మీద ఉంది. ‘తల్లి దిగులుపడింది’ రచయిత చేర్చింది.

మీరే వ్యాఖ్యానం రాసేటప్పుడు పది సెకన్ల షాటుకు పదిహేను మాటలు దాటనీయకండి, దాటితే చదివేవాళ్లు ఉరకాల్సి వస్తుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. వాక్యం పొడుగైతే పులి దూకేశాక ‘దూకింది’ అని వినబడుతుంది. కర్తను వదిలేయండి, పులి ఎలాగూ కనబడుతోంది.

ఇప్పుడు మూడు నిమిషాల ముక్క ఒకటి శబ్దం లేకుండా వేస్తున్నాం. కాగితాన్ని నిలువునా మడిచి, ఎడమవైపు కనిపించింది, కుడివైపు మీరు ఊహించింది రాయండి.