108 వద్దు, 3 చాలు

(రథసప్తమికి ముందు ఆదివారం ఉదయం, శ్రీకాకుళంలో నడక మిత్రుల కూడికలో ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, కింద గడ్డిలో కూర్చున్న పెద్దలకి, వెనక స్కూటర్ల మీద కూర్చుని ‘ఎప్పుడైపోద్ది బాబూ’ అని చూస్తున్నవాళ్లకి కూడా. శాలువా ఇప్పుడొద్దండీ, చెమట పడుతుంది. చెమట గురించి నాకు వేరే తగువుంది, తర్వాత చెప్తాను.

నాకిచ్చిన విషయం ‘చాలా ఏళ్ల తర్వాత మళ్లీ వ్యాయామం, బరువు తగ్గడం’. ఆరు అంశాలు వరసగా రాసుకొచ్చాను. కాని గేటు పక్కన అంటించిన కాగితం మీరంతా చూసే ఉంటారు. రథసప్తమి నాడు సామూహికంగా 108 సూర్య నమస్కారాలు, అందరూ ఆహ్వానితులే అని. సూర్యుడితో నాకు పేచీ లేదు. అరసవల్లి సూర్యుడి గుడి పక్కన పెట్టుకుని పేచీ ఏమిటి? నా పేచీ ఆ ‘అందరూ’ అన్న మాటతోనే. అందుకే రాసుకొచ్చిన వరస పక్కన పెట్టి, ముందు దీని సంగతి చూస్తాను.

ఒక్క నమస్కారంలో ఏం జరుగుతుందో లెక్క వేద్దాం. నడుము పూర్తిగా ముందుకు వంగడం రెండుసార్లు. చేతులెత్తి వెనక్కి వాలడం రెండుసార్లు, భుజంగాసనంలో ఇంకోసారి. ఒంటి బరువు మణికట్టు మీదా భుజాల మీదా మోపడం వరసగా నాలుగు భంగిమల్లో. దాన్ని 108తో హెచ్చవేయండి. ముందుకు వంగడాలే 216. పదిహేనేళ్లు బ్యాంకు కౌంటర్లోనో, కొట్టు గల్లాపెట్టె దగ్గరో, ఆటో సీటులోనో కూర్చున్న నడుము ఒక్క పొద్దున 216 సార్లు వంగాలి. ఏడాది పొడుగునా రోజూ చేసేవాళ్లు 108 చేస్తే చూసి చేతులెత్తి దండం పెట్టాల్సిందే. చెయ్యనివాళ్లు ఆ రోజు 3 చెయ్యండి. అదీ కుర్చీ మీద చేతులు ఆనించి చెయ్యండి. నేలకి వంగొద్దు.

ఎందుకిలా అంటున్నానో వినండి, ఇవాళ చెప్పవలసినదంతా ఇందులోనే ఉంది. మళ్లీ మొదలెట్టినప్పుడు ఒళ్లంతా ఒకేసారి దారికి రాదు. ముందు ఆయాసం తగ్గుతుంది. రెండు మూడు వారాల్లోనే మెట్లెక్కితే తేడా తెలుస్తుంది. కండకి బలం రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. అన్నిటికన్నా వెనక పడేది టెండన్. ‘నరం లాగేసింది’ అంటాం చూడండి, అది నరం కాదు, కండని ఎముకకి కట్టిపెట్టే తాడు. దానికి రక్తం అందేది తక్కువ, గట్టిపడడానికి నెలలు పడుతుంది. మడమ వెనక, మోకాలి చిప్ప కింద, భుజం పైన ఉండేవి అవే.

కాబట్టి ప్రమాదమంతా మూడో వారంలో. మొదటి వారం ఒళ్లే మిమ్మల్ని ఆపుతుంది. మూడో వారానికి ఆయాసం ఉండదు, హుషారొస్తుంది, ‘ఇవాళ నాలుగు రౌండ్లు ఎక్కువ నడిచీసినాను’ అంటారు. ఊపిరి సరే అంది, తాడు సరే అనలేదు. నాలుగో వారం మడమ పట్టుకుని వస్తారు. ఆ తర్వాత ‘నాకు వ్యాయామం పడదండీ’ అని జీవితాంతం చెప్పుకుంటారు. పడకపోవడం కాదది, తొందర.

ఈ మాట మన జిల్లాలో చెప్పాలంటే మల్లేశ్వరి ఊసు ఎత్తకుండా కుదరదు. కరణం మల్లేశ్వరిది ఆమదాలవలస పక్కన ఊసవానిపేట. 2000 సంవత్సరం, సిడ్నీ ఒలింపిక్స్, వెయిట్ లిఫ్టింగ్, 69 కిలోల విభాగం. కాంస్యం వచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. అది అందరికీ తెలుసు. అంకెలు ఎంతమందికి గుర్తున్నాయి? స్నాచ్‌లో, అంటే ఒకే ఊపులో తలపైకి ఎత్తడంలో, 110 కిలోలు. క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే ముందు భుజాలకీ తర్వాత తలపైకీ ఎత్తడంలో, 125 ఎత్తింది, తర్వాత 130. మొత్తం 240. పైనున్న ఇద్దరిదీ చెరో 242.5. చివరి ఎత్తుకి కడ్డీ మీద పెట్టిన బరువు 137.5. అది నిలవలేదు. 135 పెట్టి ఎత్తి ఉంటే మొత్తం 245, స్వర్ణం మనది. 125 నుంచి 130కి అయిదు కిలోలు. 130 నుంచి 137.5కి ఏడున్నర. ప్రపంచ స్థాయి ఒంటికి కూడా ఆ రెండున్నర కిలోల తేడా తేడాయే! పాతికేళ్లుగా ఈ లెక్క తల్చుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటూనే ఉంటుంది. మరి మనమేమో సున్నా నుంచి ఒకేసారి 108కి పోదామంటున్నాం.

వెనక వినబడుతోందా అమ్మా? సరే.

ఇప్పుడు ఒళ్లు నొప్పులు. అలవాటు లేని పని చేస్తే ఒకటి నుంచి మూడు రోజుల మధ్య కండ బాగా నొప్పెడుతుంది. చేసిన రోజు కంటే మర్నాడే ఎక్కువ. మెట్లు ఎక్కేటప్పటి కన్నా దిగేటప్పుడు ఎక్కువ, ఎందుకంటే బరువు మోస్తూ కండ సాగడమే దాన్ని ఎక్కువగా నలగ్గొడుతుంది. నాలుగైదు రోజుల్లో అదే పోతుంది. మంచం ఎక్కకుండా మెల్లగా పదినిమిషాలు నడవండి, అదే మందు.

కాని మనవాళ్లు చేసేదేమిటి? మెడికల్ షాపుకెళ్లి ‘ఒళ్లు నొప్పులకి రెండు బిళ్లలియ్యి’ అంటారు. డైక్లోఫెనాక్ కలిసిన బిళ్ల చేతిలో పెడతారు. మర్నాడు ఇంకోటి. వారమయ్యేసరికి బిళ్ల వేసుకుని నడక, నడిచి బిళ్ల. నొప్పి అనేది గేటు దగ్గర కాపలావాడు, వాణ్ని నిద్రపుచ్చి లోపలికెళితే దెబ్బ ఎక్కడ తగిలిందో తెలీదు. అదొక్కటే అయితే ఇంత గొంతు చించుకోను. ఈ బిళ్లలు కిడ్నీకి రక్తం వెళ్లే దారిని ఇరుకు చేస్తాయి. పొద్దున్నే నీళ్లు తాగకుండా, ఉక్కలో చెమటలు కక్కి, పైన ఈ బిళ్ల వేసుకుంటే దెబ్బ ఇంకా ఎక్కువ. ఎక్కడ మాట్లాడుతున్నాం మనం? ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఉద్దానం గురించి నేను మీకు చెప్పాలా? కారణం ఇదీ అని ఇంకా తేలని కిడ్నీ జబ్బుతో ఊళ్లకి ఊళ్లు అవస్థ పడుతున్న చోట, నడక నొప్పికి నొప్పి బిళ్ల మింగడమేమిటండీ! ఉద్దానం వైపు నుంచి వచ్చినవాళ్లు, షుగరూ బీపీ ఉన్నవాళ్లు, వ్యాయామం మొదలెట్టే ముందు రక్తంలో క్రియాటినిన్ చూపించుకోండి, కిడ్నీ ఎలా పనిచేస్తోందో అది చెప్తుంది. జిమ్ముల్లో ప్రొటీన్ పొడి డబ్బా కొనే కుర్రాళ్లూ అంతే. డబ్బా ఖరీదులో ఆ పరీక్ష ఎన్నో వంతు?

ఇంకో మాట. ఒకేరోజు వందల కొద్దీ గుంజీలో నమస్కారాలో చేశాక కండ రాయిలా వాచి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అది ఒళ్లు నొప్పి కాదు. కండ చితికి, దానిలోని పదార్థం కిడ్నీకి అడ్డం పడుతోందని అర్థం. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మామూలు నొప్పిని ఇలా కొలవండి. సున్నా నుంచి పదిలో మూడు దాకా ఉంటే చెయ్యొచ్చు. మర్నాడు పొద్దున్నకి ఎప్పట్లా ఉంటే అంతే కొనసాగించండి. పెరిగితే సగానికి తగ్గించండి, మానకండి. ఒక్కచోట వేలు పెట్టి ‘ఇక్కడే’ అని చూపించగలిగే నొప్పి, వాపు, కుంటి నడక, ఇవి ఉంటే చూపించుకోండి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కింద సూది గుచ్చినట్టుంటే అది మడమ నుంచి వేళ్ల దాకా పాదం అడుగున ఉండే పట్టీ నొప్పి. దిగేముందే తువ్వాలు పాదం ముందుభాగానికి వేసి మీ వైపు లాక్కుని అరనిమిషం చొప్పున మూడుసార్లు పట్టండి. హవాయి చెప్పులతో నడక మానెయ్యండి. బూటు కొంటే సాయంత్రం కొనండి, అప్పుడు పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి, వెనక మడమ దగ్గర నొక్కితే అణగకూడదు. గులకరాళ్ల బాట మీద చెప్పుల్లేకుండా నడిస్తే సర్వరోగాలూ పోతాయంటారు. షుగరు వల్ల పాదం మొద్దుబారినవాళ్లు దాని దగ్గరికే పోవద్దు, రాయి కోసినా తెలీదు.

బరువు సంగతికి ఇంకా రానే లేదు, అరగంటయింది. గబగబా చెప్తాను.

చెమట కొవ్వు కాదు. ఒంటికి ప్లాస్టిక్ కోటు చుట్టుకుని నడిచి ‘కిలో తగ్గాను’ అంటే తగ్గింది లీటరు నీళ్లు. అరసోలా మజ్జిగ తాగితే అందులో కొంత వెనక్కొస్తుంది. కరిగిన కొవ్వు ఎటు పోతుందో తెలుసా? ముక్కులోంచి. పది కిలోల కొవ్వు కరిగితే దాదాపు 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరిలో పోతుంది, మిగతాది నీరవుతుంది.

కిలో కొవ్వంటే సుమారు 7,700 కిలో కేలరీలు. 80 కిలోల మనిషి నాలుగు కిలోమీటర్లు నడిస్తే అదనంగా ఖర్చయ్యేది 200 అటూ ఇటూ. అంటే నడక ఒక్కదానితోనే కిలో తగ్గాలంటే నెల దాటుతుంది. గేటు బయట రెండు గారెలు తింటే ఆ రోజు నడక అక్కడే చెల్లు. అందుకని నడక దండగ కాదు. షుగరు, బీపీ, నిద్ర, మోకాలు వీటికి నడకే కావాలి. బరువు సంగతి మాత్రం చాలావరకు కంచంలోనే తేలుతుంది. మూడుసార్లు వడ్డించుకునే అన్నం రెండుసార్లు చెయ్యండి, ఆ ఖాళీలో పప్పో, గుడ్డో, చేపో, కూరో పెట్టండి. చోడి అంబలి, అంటే రాగి అంబలి, తాగితే బరువు తగ్గుతారంటారు. ఉత్తినే తాగితే తగ్గరండీ. అన్నం బదులు తాగితే తగ్గొచ్చు. అన్నమూ తిని అదీ తాగితే పెరుగుతారు.

మొదటి రెండు వారాలు కాటా చూడొద్దు. పనిలో పడ్డ కండ నీరు పట్టుకుంటుంది, ముల్లు కిలో పైకే పోవచ్చు. అది చూసి మానేసినవాళ్లు చాలామంది. టేపు పెట్టండి. కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ నడిమధ్య, ఊపిరి వదిలాక. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే పొట్ట ఎక్కువన్నట్టే. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు, మన ప్యాంట్లు పొట్ట కింద కడతాం కదా.

ఎవరు ఆగి డాక్టర్ని అడగాలి? నడిస్తే గుండె బిగబట్టినట్టుండి, ఆగితే తగ్గేవాళ్లు. బీపీ 180 బై 110 దాటినవాళ్లు. ఇన్సులిన్ గాని గ్లిమెపిరైడ్ గాని వాడేవాళ్లు నడకకి ముందు షుగరు చూసుకుని, 100 కంటే తక్కువుంటే ఏదన్నా తిని బయల్దేరాలి, జేబులో గ్లూకోజు పొట్లం ఉండాలి. బీపీకో గుండెకో అటెనొలాల్, మెటొప్రొలాల్ వాడేవాళ్లకి చేతి గడియారం చూపించే గుండె వేగం పనికిరాదు, ఆ మందు వేగాన్ని తొక్కిపెడుతుంది. వాళ్లకీ మీకూ పనికొచ్చే కొలత ఒకటే. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి.

మొదటి రెండు వారాలు పొద్దున పదినిమిషాలు, సాయంత్రం పదినిమిషాలు. అంతే. తర్వాత వారానికి రెండు మూడు నిమిషాల చొప్పున ఒక్కో పూటా పెంచండి. పది వారాలకి రోజుకి యాభై నిమిషాలు దాటుతుంది. ఆ నడక నెలరోజులు ఇబ్బంది లేకుండా సాగాక, పరుగు మీద మోజుంటే ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఆరుసార్లు. దినం తప్పించి దినం కండకి పని. గోడకి చెయ్యి చాపినంత దూరంలో నిలబడి గోడ దండీలు ఎనిమిది, కిటికీ ఊచ పట్టుకుని మడమలు లేపడం పన్నెండు, కుర్చీలోంచి లేవడం ఎనిమిది. రెండు విడతలు. కండ పని వదిలేసి ఉత్త నడక నడిస్తే తగ్గే బరువులో కండ కూడా పోతుంది.

ఆ ఇనప కుర్చీ ఒకటి ఇటివ్వండి. చక్రాలది కాదు, చేతులున్నదీ వద్దు. గోడకి ఆనించండి. అరవై దాటిన బాబు ఎవరన్నా ఒకరు రండి. మీరా? రండి బాబూ. ముందు చెప్పండి, మోకాలికి ఆపరేషను గాని, గుండెనొప్పి గాని? లేవు. చేతులు గుండె మీద అడ్డంగా పెట్టుకోండి. పాదాలు మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి. ముక్కు కాలివేళ్ల మీదికొచ్చేలా ముందుకి వంగి, అప్పుడు లేవండి. చూశారా, మోకాళ్లు లోపలికి వాలుతున్నాయి, వాటిని చిటికెన వేలి వైపు పట్టండి. ఊపిరి బిగబట్టొద్దు, లేచేటప్పుడు వదలండి. కూర్చునేటప్పుడు ధబ్బుమని పడిపోకూడదు, రెండు అంకెలు లెక్కపెడుతూ దిగండి. దిగడంలోనే సగం పని.

ఇప్పుడు ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేస్తారో చూద్దాం. అరవై నుంచి అరవై నాలుగేళ్ల మగవాళ్లు 14కి తగ్గితే, ఆడవాళ్లు 12కి తగ్గితే కాళ్లు బలహీనంగా ఉన్నట్టు. నేను గడియారం చూస్తాను, మీరంతా పైకి లెక్కపెట్టండి, గట్టిగా. తగ్గినా నవ్వకండి, తర్వాత మీ వంతొస్తుంది. ఊఁ, లేవండి బాబూ. ఒకటి...