దుర్యోధనుడు పడిపోయాక

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం మన బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుని కూడా మారతహళ్ళి దాకా వచ్చిన పెద్దలకు, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన అక్కలకు, వెనకాల టీ సంగతి చూస్తున్న తమ్ముళ్లకు పేరుపేరునా నమస్కారం.

పద్యనాటకం గురించి 15 నిమిషాలు మాట్లాడి, చివర్లో ఒక పద్యం పాడమని కార్యదర్శి గారు నన్ను పిలిచారు. మా జేజినాయన, అంటే మా తాత, ప్రొద్దుటూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇరవై ఏళ్లకు పైగా దుర్యోధనుడి వేషం కట్టారు. అందుకని పిలిచారు. ఆయన గురించి చెప్తాను. కానీ ఆయన గురించి చెప్పాలంటే నేను రెజ్లింగ్ గురించి చెప్పాలి. అవునండీ, డబ్ల్యూడబ్ల్యూఈ, టీవీలో వచ్చే ఆ అమెరికా కుస్తీ కంపెనీ. ముందు వరసలో బాబు నవ్వుతున్నాడు. నవ్వు నాయనా, కానీ విను.

ఒకసారి మా పక్క ఊళ్లో తిరునాళ్లకు నాటకం వేశారు. తెల్లవార్లూ ఆడారు. పొద్దున్నే రంగు కడుక్కుని జేజినాయన నడుచుకుంటూ ఇంటికి వస్తున్నారు. దారిలో ఒక అవ్వ వాకిట్లో మజ్జిగ చిలుకుతోంది. గొంతు ఎండిపోయి ఉంది కదా, ‘ఒక లోటా పోయమ్మా’ అన్నారు. ఆ అవ్వ ఈయన మొహం ఎగాదిగా చూసి, ‘నిండు సభలో ఆడదాని చీర లాగించినోనికి మజ్జిగ పొయ్యను, పో’ అనేసింది. రంగు కడిగేసినా గుర్తుపట్టింది! ఆయన ఏమీ అనలేదు. దణ్ణం పెట్టి వచ్చేశారు. ఆ మాట ఆయన నాకు కనీసం యాభైసార్లు చెప్పి ఉంటారు. ఆయనకు వేసిన శాలువాలు ఎక్కడున్నాయో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ మజ్జిగ మాత్రం మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ అవ్వకు కథ తెలియదా? దుర్యోధనుడి తొడ విరుగుతుందని ఊళ్లో చంటిపిల్లాడికీ తెలుసు. అయినా వన్స్ మోర్ అంటాం. ఎవరైనా లేచి ‘ఇదంతా ఫేక్’ అన్నారా? అనరు. మరి రెజ్లింగ్ దగ్గరికొచ్చేసరికి ఎందుకంటారు?

2014లో, ఏప్రిల్ నెల సోమవారం తెల్లవారుజామున, బీటీఎం లేఅవుట్ పీజీలో ఐదుగురం తెలుగువాళ్లం టీవీ ముందు కూర్చున్నాం. రెసిల్‌మేనియాలో, అంటే డబ్ల్యూడబ్ల్యూఈ ఏటా జరిపే అతిపెద్ద షోలో, అప్పటికి 21 సార్లు గెలిచి ఒక్కసారీ ఓడని అండర్‌టేకర్‌ను బ్రాక్ లెస్నర్ ఓడించాడు. స్టేడియంలో డెబ్భై వేలకు పైగా జనం, నోట మాట లేదు. మా గదిలోనూ అంతే. ఎవరం టిఫిన్ తినలేదు. ఆ రోజు ఆఫీసుకు లేటుగా వెళ్తే మా పైఅధికారి కారణం అడిగాడు. దాచకుండా చెప్పాను. ‘అదంతా ఉత్తుత్తిదే కదా’ అని అందరి ముందూ నవ్వాడు. పన్నెండేళ్లవుతోంది, ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

ఫలితం ముందే రాసుకుంటారు, నిజం. ఆట పోటీలకు ఉండే ప్రభుత్వ నిబంధనలు తప్పించుకోవడానికి ఆ కంపెనీయే 1989లో న్యూజెర్సీలో మాది వినోదం అని ఒప్పుకుంది. కానీ శరీరం ఉత్తుత్తిది కాదండీ. 1998లో మిక్ ఫోలీ అనే రెజ్లర్ ఇనుప బోను పైనుంచి బల్ల మీద పడింది నిజం. 1999లో ఓవెన్ హార్ట్ పైకప్పు నుంచి తాడుతో దిగుతూ జారిపడి చనిపోయింది నిజం. ఇంతా చేస్తే వాళ్లు ఉద్యోగులు కూడా కాదు, కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు. ఒక యూనియన్ లేదు.

మా జేజినాయన నాతో కూర్చుని రెజ్లింగ్ చూసేవారు. తొంభైల్లో, మంచం మీద, బనియన్‌తో. కొట్టేవాణ్ని చూసేవారు కాదు. ‘ఆ పడినోడు ఎవర్రా?’ అని అడిగేవారు. ‘కొట్టేవానిదేముంది నాయనా, చెయ్యి ఎత్తితే సరిపాయ. పడేవాణ్ని చూడు, వాడు నమ్మిస్తాండాడు.’

ఇప్పుడు రెజ్లింగ్‌లో పోతున్నది అదే. కుర్రాళ్లు అద్భుతంగా ఉన్నారు. డబ్ల్యూడబ్ల్యూఈలోనూ, 2019లో మొదలైన పోటీ కంపెనీ ఏఈడబ్ల్యూలోనూ వాళ్లు చేసే విన్యాసాలు మా చిన్నప్పుడు ఊహకు కూడా అందేవి కావు. కానీ ఎవరూ పడటం లేదు. ఒకప్పుడు గొంతు పట్టి ఎత్తి నేలకేసి కొట్టే చోక్‌స్లామ్ ఒక్కటి పడిందంటే అయిపోయిందనుకునేవాళ్లం. ఇప్పుడు ఆట ముగించాల్సిన పెద్ద దెబ్బలు, ఫినిషర్లు, నాలుగు తిని కూడా, మూడు లెక్కపెడితే ఓడిపోయేవాడు రెండో కౌంట్ దగ్గర భుజం లేపుతున్నాడు. ఐదో దెబ్బకు పడితే మాత్రం ఎవడికి బాధ? దుర్యోధనుడు తొడ విరిగాక లేచి గంతులేస్తే నాటకం ఏం మిగులుతుంది? రింగు నేల మీద ప్రకటనలు, 2025 ఏప్రిల్ నుంచి ఇండియాలో నెట్‌ఫ్లిక్స్‌కు మారడం, ఇవన్నీ సర్దుకోగలను. పడటం మర్చిపోతే సర్దుకోలేను.

మనవాళ్ల సంగతి కూడా చెప్పాలి, ఇది నా కడుపులో మంట. 2017లో జిందర్ మహల్‌ను ఛాంపియన్ చేశారు. కెనడాలో పుట్టిన పంజాబీ. ఇండియా మార్కెట్ కోసమేనని అందరం అనుకున్నాం, అయినా సంతోషించాం. అదే ఏడాది డిసెంబర్‌లో ఢిల్లీలో, మన జనం ముందు, అప్పటికే కంపెనీలో పెద్ద అధికారి అయిన ట్రిపుల్ హెచ్ చేతిలో ఓడించారు. ఆ ఓటమి ఎవరికి పనికొచ్చింది? ఏ కుర్రాడు పైకొచ్చాడు? 2024 ఏప్రిల్‌లో జిందర్‌నూ, మన ఇండియా రెజ్లర్లు వీర్ మహాన్‌నూ, సంగనూ కలిపి తీసేశారు.

ఇప్పుడు డబ్ల్యూడబ్ల్యూఈలో పెద్ద హీరో జాన్ సీనా సంగతి చూడండి. 2025 డిసెంబర్ 13న వాషింగ్టన్‌లో చివరి మ్యాచ్. ‘నెవర్ గివ్ అప్’ అని జీవితమంతా చొక్కాల మీద వేసుకున్న మనిషి, ప్రత్యర్థి గుంథర్ మెడకు స్లీపర్ పట్టు బిగిస్తే, ఒక చిన్న నవ్వు నవ్వి చెయ్యి తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. జనం గోల చేశారు. మా వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ తిడుతున్నారు. నేను ఒక్కణ్నే ఒప్పుకున్నాను. పోతూ పోతూ తన దగ్గరున్న పెద్ద ఆస్తి, ఆ ‘నెవర్ గివ్ అప్’ పేరు, ఇంకొకడి చేతిలో పెట్టి వెళ్లాడు. గుంథర్ కనిపిస్తే ఇంకా చాలా ఏళ్లు జనం తిడతారు. మజ్జిగ పొయ్యరు!

అదే సీనాను నేను కళ్లారా చూశాను. 2023 సెప్టెంబర్ 8, హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం. రాత్రి బస్సెక్కి మా అబ్బాయిని తీసుకెళ్లాను. సీనా, సెత్ రోలిన్స్ ఒకవైపు. లుడ్విగ్ కైజర్, జియోవాని విన్చీ ఇంకోవైపు. సీనా ఇండియాలో మ్యాచ్ ఆడటం అదే మొదటిసారి. హాలంతా సీనాను చూస్తోంది. మా అబ్బాయి కూడా. నేను కైజర్‌ను చూస్తూ కూర్చున్నాను. మన జనాన్ని ఎంత రెచ్చగొట్టాడో, అంత బాగా పడ్డాడు. ఆ రాత్రి అన్ని వేలమంది ఆనందంగా ఇంటికి వెళ్లడానికి సగం కారణం అతనే. అతని పేరు మీ పిల్లల్ని అడగండి, ఒకరిద్దరికి తెలిస్తే గొప్ప.

టైమ్ అయిందని చూపిస్తున్నారు. సరే. పద్యం అడిగారు, కృష్ణుడిది పాడమని చీటీ కూడా వచ్చింది. క్షమించండి, అది ఈ రోజు పాడను. తొడ విరిగి పడి ఉన్నప్పుడు దుర్యోధనుడు పాడేది పాడతాను. జేజినాయన దాన్ని నేల మీద పడుకునే పాడేవారు, నేనూ అలాగే పాడతాను. మైకు కొంచెం కిందికి దించండి. హార్మోనియం అన్నా, శ్రుతి ఇవ్వండి.