పదకొండు గంటల వరకు ఎందుకు?

సభకు నమస్కారం.

యుద్ధం గురించి పిల్లలు అడిగినప్పుడు మనం సాధారణంగా కారణాలతో మొదలుపెడతాం. మొదటి ప్రపంచ యుద్ధమైతే 1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజు హత్య, ఆపైన కూటములు, ఒప్పందాలు. ఇవన్నీ నిజాలే, పరీక్షకు కావలసినవే. అయితే కారణాలను వరుసగా పేర్చి చెప్పేసరికి, జరిగినదంతా జరగక తప్పనిదేనన్న భావం పసిమనసులో నాటుకుపోతుంది. అందుకే పదేళ్లు దాటిన పిల్లలకు ఆ యుద్ధపు చివరి పూట గురించి చెప్పండని తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను కోరుతున్నాను.

1918 నవంబరు 11 తెల్లవారుజామున ఐదు దాటాక, ఫ్రాన్స్‌లోని కాంపియేన్ అడవిలో నిలిపిన ఒక రైలు పెట్టెలో కాల్పుల విరమణ పత్రం మీద సంతకాలు జరిగాయి. అమలు మాత్రం ఉదయం పదకొండు గంటల నుంచి. చర్చలు సాగుతుండగానే కాల్పులు ఆపుదామని జర్మనీ పక్షం అడిగితే, మిత్రరాజ్యాల సేనాధిపతి ఫోష్ అందుకు ఒప్పుకోలేదు.

ఆ ఉదయం మ్యూజ్ నది దగ్గర ఒగుస్తిన్ ట్రెబుషాన్ అనే ఫ్రెంచి సైనికుడు ఒక కబురు మోసుకుని వెళ్తున్నాడు. సైన్యంలో చేరకముందు ఆయన గొర్రెల కాపరి. పదకొండున్నరకు భోజనానికి అందరూ ఒకచోట చేరాలన్నది ఆ కబురు. పదకొండు కావడానికి కొద్ది నిమిషాల ముందు తూటా తగిలి చనిపోయాడు. ఆయన సమాధి మీద మాత్రం నవంబరు 10 అని ఉంటుంది. ఆ ఒక్క రోజు, అన్ని పక్షాలూ కలిపి, సుమారు 2,700 మంది మరణించారని అంచనా.

ఇది వినగానే పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే: సంతకాలు అయిపోయాయి కదా, పదకొండు దాకా ఎందుకు? పొద్దు గూకితే యుద్ధం ఆగాలన్న నియమం భారతకథలో విన్నవారు మరీ గట్టిగా అడుగుతారు. (ద్రోణపర్వంలో ఆ నియమమూ చెడింది, అది వేరే సంగతి.) ఇక్కడ మనం నిజాయితీగా ఉండాలి. వందల కిలోమీటర్ల పొడవున ఉన్న దళాలకు ఆజ్ఞ చేరడానికి కొంత వ్యవధి అవసరమే. కాని సంగతి ముందే తెలిసిన తర్వాత కూడా కొందరు అధికారులు దాడులు కొనసాగించారు, మరికొందరు తమ మనుషులను కదలనివ్వలేదు. ఆ తేడా పిల్లలకు తప్పక చెప్పాలి, ఎందుకంటే ఆ పూట ఎవరి ప్రాణం నిలుస్తుందన్నది చాలాచోట్ల ఒక అధికారి ఇష్టాయిష్టాల మీద ఆధారపడింది.

ఇదంతా ఎక్కడో పరాయివాళ్ల గొడవ అని పిల్లలు అనుకుంటే, ఆ యుద్ధంలో 70,000కు పైగా భారతీయ సైనికులు చనిపోయారని, ఢిల్లీ యాత్రలో మనం ఫొటోలు దిగే ఇండియా గేటు అప్పటి సైనికుల స్మారకమేనని చెప్పండి. శవాల చిత్రాలు, వీడియోలు చూపించే అవసరం ఏమాత్రం లేదు.

చివరగా, అమెరికన్ సైనికుడు హెన్రీ గుంథర్ సంగతి. యుద్ధరంగపు దుస్థితిని ఇంటికి రాసిన ఉత్తరంలో చెప్పినందుకు ఆయన హోదా తగ్గించారు. 10 గంటల 59 నిమిషాలకు ఆయన జర్మన్ తుపాకుల మీదికి పరుగెత్తితే, వెనక్కి పొమ్మని అవతలివాళ్లే చేతులూపారు. ఆయన ఆగలేదు, వాళ్లు కాల్చారు. పోయిన హోదాను చనిపోయాక సైన్యం తిరిగి ఇచ్చింది. ఆయన ఎందుకు పరుగెత్తాడని పిల్లలు తమలో తాము వాదించుకుంటారు. ఆ వాదన ముగిసేదాకా పెద్దలం మధ్యలో దూరి తీర్పు చెప్పకుండా ఉంటే చాలు.