మొదటి తీర్పే చివరి తీర్పు కావచ్చు: వివాహ శూన్యత కేసుల న్యాయమూర్తుల శిక్షణ

కతోలిక మేత్రాసన ట్రిబ్యునళ్లలో, అంటే బిషప్ పరిధిలోని శ్రీసభ కోర్టుల్లో, న్యాయమూర్తులుగా కూర్చోబోతున్న గురువులకు (ఫాదర్లకు), సిస్టర్లకు, గృహస్థులకు (సాధారణ విశ్వాసులకు) నమస్కారం. వివాహ శూన్యత అంటే ఆ వివాహం మొదటినుంచే చెల్లలేదని తేల్చడం.

మన ముందుకొచ్చే ప్రతి జంట కాపురమూ అప్పటికే చెడిపోయి ఉంటుంది. ఆ బంధం ఇక అతకదని నిర్ధారించుకున్నాకే కేసు స్వీకరించాలని శ్రీసభ చట్టంలోని 1675వ కానన్ (నిబంధన) చెబుతోంది. కాబట్టి కాపురం ఎందుకు చెడిందన్నది మన ప్రశ్న కాదు. పెళ్లినాడు పలికిన సమ్మతి నిజంగా సమ్మతేనా అన్నదే ప్రశ్న. తర్వాతి కొట్లాటలు, పరస్త్రీ, పరపురుష సంబంధాలు, విడిగా గడిపిన ఏళ్లు ఆనాటి మనసు గురించి ఏమైనా తెలిపితేనే సాక్ష్యానికి పనికొస్తాయి. కొత్తగా వచ్చినవారు దారి తప్పేది ఎక్కువగా ఇక్కడే. బాధ ఎంత పెద్దదైతే వివాహం అంత చెల్లనిదని అనుకుంటారు.

1421వ కానన్ ప్రకారం న్యాయమూర్తికి శ్రీసభ చట్టంలో డాక్టరేటో, కనీసం లైసెన్షియేటో (డాక్టరేటుకు ముందు పట్టా) ఉండాలి. ఆ చదువు అవసరమే, కానీ అదొక్కటే చాలదు. 2015 ఆగస్టు 15న పోపు ఫ్రాన్సిస్ సంతకం చేసి, డిసెంబరు 8 నుంచి అమలుచేసిన వివాహ శూన్యత విచారణల సంస్కరణ తర్వాత ఈ లోటు మరింత బరువెక్కింది. అంతకుముందు వివాహం చెల్లదనడానికి ఒకే మాట చెప్పే రెండు తీర్పులు కావాల్సి వచ్చేది. ఇప్పుడు గడువులోగా ఎవరూ అప్పీలు చేయకపోతే మొదటి తీర్పే అమలవుతుంది. మీ పొరపాటును పైకోర్టు తనంతట తాను చూసి దిద్దే ఏర్పాటు ఇక లేదు. ముగ్గురి బెంచికి గురువో డీకనో అధ్యక్షత వహిస్తే, మిగతా ఇద్దరూ గృహస్థులు కావచ్చు. వారి ఓటుకూ అంతే విలువ.

శిక్షణ మొదలుపెట్టాల్సింది సందేహ సూత్రం దగ్గర, అంటే తీర్పు చెప్పాల్సిన ప్రశ్నను నిర్ణయించే వాక్యం దగ్గర. పిటిషన్ ప్రతి అందుకున్న రెండో పక్షానికి (కేసు వేయని భర్తకో భార్యకో) అభిప్రాయం చెప్పడానికి 15 రోజులుంటాయి. ఆ తర్వాత ఏ కారణంపై విచారణ జరుగుతుందో డిక్రీలో రాస్తారు. శిక్షణలో ఒక పిటిషన్ ఇచ్చి ఆ ఒక్క వాక్యం రాయించండి. చాలామంది ఎందుకైనా మంచిదని నాలుగైదు కారణాలు పేరుస్తారు. అదే వ్యక్తి మీద మానసిక అసమర్థతనూ, పెళ్లి సమ్మతిలోంచి పిల్లలను కావాలని మినహాయించడాన్నీ పక్కపక్కన పెట్టేస్తారు. కావాలని మినహాయించాలంటే సంకల్పించే శక్తి ఉండాలి కదా! రెండోది మొదటిది రుజువుకాని పక్షంలో మాత్రమే నిలవాలి.

ఎక్కువ సమయం ఇవ్వాల్సింది సాక్షుల విచారణకు. ప్రశ్నలు చిన్నవిగా ఉండాలని, ఒకేసారి రెండు విషయాలు అడగకూడదని, జవాబును అందించే ప్రశ్న వేయకూడదని 1564వ కానన్ చెబుతోంది. “పెళ్లికి ముందే పిల్లలు వద్దనుకున్నారు కదా?” అని అడిగితే వచ్చే “అవును”కు విలువ లేదు. “పెళ్లికి ముందు పిల్లల గురించి ఏం మాట్లాడుకున్నారు?” అని అడగండి. జవాబు వచ్చాక ఎప్పుడు, ఎవరి ఎదుట, ఏ మాటల్లో అని ఒక్కొక్కటిగా రాబట్టండి. కొన్నాళ్లు ఆగుదామనుకోవడం వేరు, పిల్లల్ని కనే హక్కునే నిరాకరించడం వేరు. ఆ తేడా సాక్షి మాటల్లోనే దొరకాలి. కేసు ఆలోచనే లేని రోజుల్లో అన్న మాటకు, రాసిన ఉత్తరానికి, పంపిన సందేశానికి బలం ఎక్కువ. విడిపోయాక చెప్పినవాటిని జాగ్రత్తగా తూచాలి. ఎందుకు పెళ్లి చేసుకున్నారు, ఎందుకు మినహాయించారు అన్న రెండు కారణాలనూ పక్కపక్కన పెట్టి ఏది బలమైనదో చూడాలి. నోటరీ (ట్రిబ్యునల్ లేఖకుడు) సాక్షి మాటనే రాయాలి, న్యాయమూర్తి చెప్పిన సారాంశాన్ని కాదు. చివర్లో వాంగ్మూలం చదివి వినిపించి, దిద్దుకునే అవకాశం ఇవ్వాలి.

మానసిక అసమర్థతకు సంబంధించిన 1095వ కానన్ కేసుల్లో మానసిక నిపుణుడిని “ఈ వివాహం చెల్లుతుందా?” అని అడగడం పెద్ద తప్పు. పెళ్లినాటికి ఆ స్థితి ఉందా, ఎంత తీవ్రం, ఎప్పుడు మొదలైంది, వివాహ బాధ్యతలను తెలిసి ఎంచుకునే లేదా మోసే శక్తిని అది ఎలా దెబ్బతీసింది అన్నవే ఆయన్ని అడగాల్సినవి. నివేదికను ఎందుకు ఒప్పుకున్నారో, ఎందుకు కాదన్నారో తీర్పులో రాయడం న్యాయమూర్తి పని. 1987లో రెండవ జాన్ పాల్ పాపుగారు రోటాతో (వాటికన్‌లోని శ్రీసభ అప్పీలు కోర్టుతో) చెప్పింది ఇదే: వివాహాన్ని చెల్లకుండా చేసేది అసమర్థతే, కష్టం కాదు.

తర్వాత అభిప్రాయ పత్రం. 1609వ కానన్ ప్రకారం ప్రతి న్యాయమూర్తీ చట్టపరమైన, వాస్తవపరమైన కారణాలతో తన నిర్ణయాన్ని రాసుకుని సమావేశానికి రావాలి. శిక్షణలో ముగ్గురికి ఒకే ఫైలు ఇచ్చి విడివిడిగా రాయించాలి. నాలుగు పేజీల చట్టం ఎత్తిరాసి, వాస్తవాల దగ్గర ఒక్క పేరాతో ముగించేవారుంటారు. అలాంటివి తిరిగి రాయించండి. ప్రతి వాస్తవం పక్కన ఫైలు పేజీ సంఖ్య ఉండాలి. ఎదురుగా ఉన్న సాక్ష్యాన్ని ఎందుకు పక్కనపెట్టారో కూడా కనపడాలి. వివాహం చెల్లదని తీర్పు చెప్పడానికి న్యాయమూర్తికి కావాల్సిన నైతిక నిశ్చయమంటే సాక్ష్యం ఒకవైపు కొంచెం మొగ్గడం కాదు. 2005 నాటి ట్రిబ్యునల్ నిబంధనల 247వ అధికరణం చెప్పినట్టు, తప్పు జరిగి ఉండొచ్చన్న వివేకవంతమైన సందేహం మిగలకూడదు. ఊహకు మాత్రమే అందే అవకాశం మిగిలినా ఫరవాలేదు. ఆ నిశ్చయం రాకపోతే శూన్యత రుజువు కాలేదనే చెప్పాలి. వివాహం చెల్లుతుందన్న చట్టపు భావన అలాగే నిలుస్తుంది.

జాలితో చేసే తప్పు ఇంకొకటి ఉంది. గొడవ పెరుగుతుందని రెండో పక్షానికి ఫైలు చూపకుండా దాటవేస్తారు. రక్షణ హక్కును కాలరాస్తే 1620వ కానన్ ప్రకారం తీర్పే చెల్లదు, ఏడాది శ్రమ వృథా అవుతుంది. మేత్రాణులు (బిషప్) స్వయంగా తీర్పిచ్చే సంక్షిప్త విచారణలోనైనా, ఆ విచారణకు దంపతులిద్దరి ఒప్పుకోలూ, శూన్యత స్పష్టంగా కనిపించే సాక్ష్యమూ తప్పనిసరి.

అభ్యాస తీర్పుల్లో ఎక్కువగా మరచిపోయేది చివరి పేరా. ఒకరి పట్ల ఒకరికీ, పిల్లల పోషణ, పెంపకం విషయంలోనూ ఇద్దరికీ ఉన్న నైతిక, పౌర బాధ్యతలను తీర్పు గుర్తుచేయాలని 1691వ కానన్ కోరుతుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరైనా సద్భావంతో ఆ వివాహం చేసుకుని ఉంటే, పిల్లలకున్న చట్టబద్ధ సంతానమన్న హోదా ఏమీ చెడదు. ఆ పేరా లేని చిత్తుప్రతికి మార్కులు వేయకండి.