పండగ నాడు తిరిగొచ్చే పగ

అందరికీ నమస్కారం. ఇవాళ మనం చూడబోయే డచ్ సినిమా పేరు ‘సింట్’. 2010 నవంబరులో నెదర్లాండ్స్‌లో విడుదలైంది. రచన, దర్శకత్వం, సంగీతం మూడూ డిక్ మాస్‌వే. మన దగ్గర ఈ పేరు విన్నవాళ్లు తక్కువ కాబట్టి, లైట్లు ఆర్పే ముందు నాలుగు మాటలు చెబుతాను.

మన దయ్యం సినిమాల అలవాటుతో కూర్చుంటే ఇది కాస్త ఇబ్బంది పెడుతుంది. మన తెరమీద దయ్యం పగబట్టిందంటే, ఇంటర్వెల్ అయ్యాక ఒక ఫ్లాష్‌బ్యాక్ ఖాయం. ఆస్తి కోసమో పరువు కోసమో ఎవరో ఒక అమాయకురాలిని చంపి పాతిపెట్టి ఉంటారు. అది చూశాక భయం పోయి జాలి పుడుతుంది. వాణ్ని ఎప్పుడు చంపుతుందా అని మనమే ఎదురుచూస్తాం. ‘సింట్’లో ఫ్లాష్‌బ్యాక్ మొదట్లోనే వచ్చేస్తుంది. 1492 డిసెంబరు 5 రాత్రి. నిక్లాస్ అనే బిషప్పు, వెనక అతని మూక. ఊళ్లమీద పడి దోచుకోవడం, అడ్డొచ్చినవాళ్లని నరకడం వీళ్ల పని. ఓపిక నశించిన జనం వాళ్ల ఓడకి నిప్పు పెడతారు. అన్యాయం జరిగింది ఊరివాళ్లకి, పగబట్టింది మాత్రం దోచుకున్నవాడు. డిసెంబరు 5న పున్నమి పడినప్పుడల్లా కాలిపోయిన మూకని వెంటేసుకుని వస్తాడు. అతని తరఫున వాదించడానికి ఏమీ లేదు. నా మీదే చెయ్యెత్తుతారా అన్న కసి తప్ప! అధికారం పోగొట్టుకున్నవాడి పగ ఎలా ఉంటుందో చూపించడమే ఈ సినిమాలో నాకు నచ్చిన సంగతి.

ఆ తేదీ ఎందుకో తెలియకపోతే సగం సినిమా జారిపోతుంది. డిసెంబరు 5 సాయంత్రం డచ్ వాళ్లకి సింటర్‌క్లాస్ పండగ. పిల్లలకి క్రిస్మస్ కంటే ఇదే పెద్దది. ఇప్పటి టర్కీలోని మైరాకి బిషప్పుగా ఉన్న సెయింట్ నికలస్ పేరు మీద చేసుకుంటారు. ఎర్ర అంగీ, పొడుగు టోపీ, చేతిలో వంకీ కర్ర, ఎక్కడానికి తెల్ల గుర్రం. నవంబరు మధ్యలో స్పెయిన్ నుంచి ఆవిరి ఓడలో దిగుతాడు. ఈ ఓడ ముచ్చట 1850లో ఆమ్‌స్టర్‌డామ్ బడిపంతులు ఒకాయన రాసిన పిల్లల పుస్తకంతో వాడుకలోకి వచ్చింది. 1952 నుంచి ఆయన రాకని టీవీలో ప్రత్యక్షంగా చూపిస్తున్నారు. మేయరు వెళ్లి స్వాగతం చెబుతాడు. పిల్లలు పొయ్యి దగ్గర చెప్పు పెట్టి, గుర్రం కోసం అందులో క్యారెట్ వేసి, పాట పాడి పడుకుంటారు. గుర్రం ఇళ్ల కప్పుల మీదుగా నడుస్తుందట. అల్లరి చేస్తే గోనెసంచిలో వేసుకుని స్పెయిన్ తీసుకుపోతాడని పెద్దవాళ్లు బెదిరించేవారు. ఊరంతా కలిసి ఆడే అబద్ధం ఇది, ఎంతో ప్రేమగా.

నన్నడిగితే ఈ పుణ్యపురుషుడి కథలో రక్తం ముందునుంచీ ఉంది. ఆయన మహిమల్లో బాగా పేరున్నది ముగ్గురు పిల్లల కథ. వాళ్లని చంపి, ముక్కలు చేసి, ఉప్పునీళ్ల తొట్టిలో ఊరేస్తే ఆయన వచ్చి బతికిస్తాడు. మాస్ కొత్తగా కనిపెట్టింది పెద్దగా లేదు. గుర్రం, ఓడ, కర్ర, సంచి అన్నీ ఉన్నవే. వాటిమీది చక్కెర పూత గీకేశాడంతే. ఆ రాత్రి నగరంలో ఎక్కడ చూసినా ఎర్ర అంగీల బిషప్పులే కాబట్టి, అసలువాడు పక్కనుంచి వెళ్లినా ఎవరికీ అనుమానం రాదు. తమని చంపడానికి వస్తున్నవాడికి జనమే పాటలు పాడి ఆహ్వానం పలుకుతున్నారు!

కథానాయకుడు ఫ్రాంక్ కాలేజీ కుర్రాడు. వేషం కట్టి స్నేహితులతో బయల్దేరి, చెయ్యని హత్యల్లో ఇరుక్కుంటాడు. అతనికంటే నాకు పోలీసు హూర్ట్ ఎక్కువ నచ్చాడు. 1968 పున్నమికి ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్న పిల్లవాడు ఇతనే. ఇప్పుడు పండగ ఆపండని పైఅధికారుల్ని అడిగితే సెలవు మీద పొమ్మంటారు. మన లెక్కలో పగ తీర్చుకునే హక్కున్న మనిషి ఇతనొక్కడే. తెరమీద ఎక్కువసేపు ఉంచలేదన్నది నా ఫిర్యాదు.

డబ్బు సంగతి. 2010లో నెదర్లాండ్స్ జనాభా సుమారు 1.66 కోట్లు. 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 8.46 కోట్లు. అంత చిన్న మార్కెట్‌లో హాలీవుడ్ మాదిరి ఖర్చు పెట్టడం కుదరదు. మాస్‌కి ఇది అలవాటే. 1983లో ‘డె లిఫ్ట్’ అని, మనుషుల్ని చంపే లిఫ్టు మీద చిన్న ఖర్చుతో సినిమా తీసి, మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లోని అవోరియాజ్ ఉత్సవంలో పెద్ద బహుమతి కొట్టాడు. అందులో లిఫ్టు మెకానిక్‌గా హీరో వేషం కట్టిన హ్యూబ్ స్టాపెల్ ఇక్కడ నిక్లాస్. ముఖమంతా కాలిన మేకప్పే గనక గుర్తుపట్టడం కష్టం. ఆమ్‌స్టర్‌డామ్ ఇళ్ల కప్పుల మీద గుర్రం పరుగు, కింద వీధుల్లో పోలీసు కార్లు. ఆ సన్నివేశం కోసమైనా ఈ సినిమా చూడాలి. కొన్నిచోట్ల కంప్యూటర్ పనితనం పలచబడుతుంది. నవ్వొస్తే నవ్వండి, మాస్‌కీ అభ్యంతరం ఉండదనుకుంటాను.

అక్కడ గొడవ జరిగింది పోస్టరు మీద. పిల్లలు భయపడతారని, సింటర్‌క్లాస్ మీద నమ్మకం పోతుందని కోర్టుకెళ్లారు. తీసేయాల్సిన పని లేదని తీర్పొచ్చింది.

ఇంకొక్క మాట. పండగలో బిషప్పు వెంట ‘జ్వార్తె పీట్’ అని నల్లరంగు పూసుకున్న సేవకులుంటారు. ఇది జాత్యహంకారమని 2011లో డోర్డ్రెహ్ట్‌లో నిరసన తెలిపినవాళ్లని పోలీసులు అరెస్టు చేశారు. ఆ తర్వాత దేశమంతా ఏళ్లతరబడి వాదించుకుంది. చివరికి 2019లో, జాతీయ స్వాగతోత్సవంలో రంగు మానేసి మసి మరకలతో సరిపెట్టారు. మాస్ సినిమాలో ఈ సేవకులు నల్లగా ఉన్నది ఓడలో కాలిపోయినందుకు. వాదన ముదరకముందే తీసిన సినిమా కాబట్టి, ఇది తెలిసి చేశాడో, దయ్యాలు కదా అని మసి పూశాడో మీరే చూసి చెప్పండి.

నిడివి గంటన్నర లోపే. పిల్లల్ని తీసుకొచ్చినవాళ్లుంటే, మొదటి పది నిమిషాల్లోనే నరుకుడు మొదలవుతుంది, ఇప్పుడే బయటికి పంపేయండి. మిగతా కబుర్లు సినిమా అయ్యాక.