కళ్లంలో తొమ్మిదో తరగతి

అమ్మాయి: శ్రోతలకు నమస్కారం. గుంటూరు నుంచి రైతైన మా బాబాయి, బడిలో పనిచేసే నేను మాట్లాడుతున్నాం. హైస్కూలు పిల్లలు పొలంలో ఇంటర్న్‌షిప్ చేయాలంటే ఏ నెలలో, ఏ పంటలో, ఎలాంటి రైతు దగ్గర చేరాలన్నది నేటి విషయం. 2020 నాటి జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి సంచి లేని పది రోజుల బడిని సూచించింది. ఆ రోజుల్లో వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారులు మొదలైన వారి దగ్గర పిల్లలు పని నేర్చుకోవాలని అందులో ఉంది.

బాబాయి: ఆ వాక్యాన్ని నేనూ చదివాను. అందులో రైతు ‘మొదలైన’ వారిలో ఉన్నాడు.

అమ్మాయి: అలక తరువాత తీర్చుకుందురు గాని, ముందు ఏ నెలలో వెళ్లాలో చెప్పండి.

బాబాయి: వేసవి సెలవుల్లో వచ్చే పిల్లలకు మాగాణిలో బీటలు, మెట్టలో ఎండు మోళ్లు తప్ప ఏమీ కనిపించవు. అయితే మట్టి నమూనా తీయడానికి అంతకంటే మంచి సమయం లేదు. ఎకరంలో ఎనిమిది పది చోట్ల ‘వి’ ఆకారంలో ఆరంగుళాల లోతు గుంట తీసి, ఆ అంచు మట్టిని పైనుంచి కింది దాకా సమానంగా గీరి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తూ అర కిలో మిగిలే వరకు తగ్గించాలి. గట్ల పక్కన, చెట్ల కింద, పేడ కుప్ప పోసిన చోట తీయకూడదు. దసరాకు వస్తే మిరప ఎదుగుతూ ఉంటుంది, సంక్రాంతికి వస్తే కోతలు మొదలవుతాయి. డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న పైరులోనే మినుము చల్లడం చూడాలంటే మాత్రం బడి ఉన్న రోజుల్లోనే రావాలి, ఎందుకంటే నేలలో పదును, అంటే విత్తనం మొలిచేంత తడి, మన సెలవుల పట్టిక చూసుకొని ఆగదు. ఏ నెలలో వచ్చినా మొదటి రోజే ఒక పద్దు పుస్తకం చేతికివ్వాలి.

అమ్మాయి: వచ్చేసింది. పోయిన ఎపిసోడ్‌లో ‘పద్దు పుస్తకం’ అన్న మాట ఏడుసార్లు వచ్చిందని ఒక శ్రోత లెక్కపెట్టి మరీ రాశారు.

బాబాయి: లెక్కపెట్టారంటే పద్దు రాయడం వారికి అలవాటైనట్లే.

అమ్మాయి: ఎలాంటి రైతు దగ్గర చేరాలన్న ప్రశ్నకు మా బడి అనుభవమే చెబుతాను. పోయిన సంక్రాంతి సెలవుల్లో తొమ్మిదో తరగతి పిల్లలను నాలుగు రోజులు ఒక మిరప తోటకు తీసుకువెళ్లాం. మొదటి రోజు మొక్కలు చూపించారు, రెండో రోజు కాయలు కోయించారు, మిగిలిన రెండు రోజులూ కళ్లంలో కూర్చోబెట్టి తాలు కాయలు ఏరించారు. ఒక తల్లి వచ్చి, ‘మేము ఫీజు కట్టి మరీ పిల్లను కూలికి పంపాలా?’ అని అడిగితే నాకు జవాబు తోచలేదు. ఇప్పటికీ తోచలేదు.

బాబాయి: జవాబు ఉంది. తాలు ఏరడం తెలియనివాడికి మిర్చి తెలియదు. రంగు వెలిసిన కాయ, మచ్చ పడిన కాయ, లోపల బూజు పట్టిన కాయ ఒకలా ఉండవు. మార్కెట్ యార్డులో టిక్కీ, అంటే మిర్చి బస్తా, విప్పిన కొనుగోలుదారు గుప్పెడు కాయలు తీసి ధర చెప్పేది ఆ తేడాను బట్టే. పది పదకొండు శాతానికి మించి తేమ ఉంటే గిడ్డంగిలో కాయ నిలవదని పుస్తకంలో చదవడం వేరు, కాయను గుప్పిట్లో నలిపి, గలగలమంటోందా మెత్తగా ఉందా అని తెలుసుకోవడం వేరు.

అమ్మాయి: ఆ తేడా తెలియడానికి అరపూట చాలు, రెండు రోజులు అక్కరలేదు. మీరు ఒప్పుకోకపోయినా నా కొలత ఒకటి చెబుతాను. పిల్లలు రాకపోతే ఆ పనికి రైతు కూలి మనిషిని పిలవాల్సి వచ్చేదా? వచ్చేదంటే అది చదువు కాదు, జీతం లేని కూలి. ఆ రెండు రోజులు కళ్లంలో పని దొరకక ఇంటి దగ్గర కూర్చున్న ఆడవాళ్ల సంగతి కూడా మనం ఆలోచించలేదు.

బాబాయి: నీ కొలత ప్రకారం పిల్లవాడు ఎవరికీ అక్కరలేని పనే చేయాలి. అక్కరలేని పని చేయిస్తే అది ఆట అవుతుంది. నలుగురు కలిసి ఒక మొక్క నాటి, ఫొటో దిగి, బస్సెక్కి వెళ్లిపోతారు. మరునాడు ఆ మొక్కకు నీళ్లు పోసేవాడెవడు?

అమ్మాయి: మొక్క నాటి ఫొటో దిగమని నేను అనలేదు.

బాబాయి: నువ్వు అనలేదు, మీ బడి గోడ మీద ఆ ఫొటో ఉంది.

అమ్మాయి: బాబాయి, గోడ సంగతి వదిలేయండి. చట్టం సంగతి మాట్లాడదాం. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించాక, పద్నాలుగేళ్లు నిండని పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు, పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదు. బడి వేళలు కాని సమయంలో, సెలవుల్లో సొంత కుటుంబానికి చేసే సాయానికి మినహాయింపు ఉన్నా, అదీ ప్రమాదం లేని పని అయితేనే. మా తొమ్మిదో తరగతిలో సగం మందికి పద్నాలుగు నిండలేదు, ఆ తోట ఎవరి సొంత తోటా కాదు. పైగా మూడో రోజు ఒక పిల్ల కాయలు ఏరిన చేత్తో కళ్లు నులుముకుంది. మేము నీళ్లతో చేతులు కడిగించాం, మంట తగ్గలేదు.

బాబాయి: మిరప ఘాటు నీళ్లకు కరగదు, నూనెకు కరుగుతుంది. చేతులకు ముందు కొబ్బరినూనె రాసి, తుడిచి, ఆ తరువాత సబ్బు పెట్టాలి. కంటికి మాత్రం చల్లటి మంచినీళ్లు ధారగా పోయడమే. అసలు తొడుగులు లేకుండా కూర్చోబెట్టడం తప్పు. మందు కొట్టిన తోటలోకి అదే రోజు పిల్లలను దించడం అంతకంటే పెద్ద తప్పు.

అమ్మాయి: తప్పని మీరే ఒప్పుకుంటున్నారు కదా.

బాబాయి: కూర్చోబెట్టిన తీరు తప్పన్నాను, కూర్చోబెట్టడం తప్పనలేదు. (కొంతసేపు ఆగి) నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మాకు వర్జీనియా పొగాకు ఉండేది. ఆకు కొట్టుకొచ్చిన రోజున కర్రలకు కట్టి, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లోకి ఎక్కించాలి, రేపటికంటే కుదరదు. తెల్లవారుజామున మంచుకు తడిసిన ఆకు మోస్తే తల తిరిగి వాంతి వచ్చేది. అది ఆకులోని నికోటిన్ ఒంటికి పట్టడం వల్ల వచ్చే జబ్బని ఎన్నో ఏళ్ల తరువాత చదివాను. ఆ ఏడాది మూడు నెలలు బడికి వెళ్లలేదు. మా నాన్న దాన్ని ఇంటర్న్‌షిప్ అనలేదులే.

అమ్మాయి: ఇన్ని ఎపిసోడ్లలో ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

బాబాయి: ఎప్పుడూ అడగలేదు. ఆ మూడు నెలల్లో నాకు ఎవరైనా ఒక పద్దు పుస్తకం ఇచ్చి, కట్టెలకు ఎంత, కూలీలకు ఎంత, వేలంలో వచ్చింది ఎంత అని రాయమని ఉంటే, మా నాన్న అప్పు ఎందుకు చేశాడో అప్పుడే అర్థమయ్యేది.

అమ్మాయి: రెండోసారి. అయినా ఈసారి నవ్వు రావడం లేదు. పద్దు రాయడానికి ఏ రైతూ కూలి మనిషిని పిలవడు కదా. అంటే నా కొలతకు అది నిలుస్తుంది.

బాబాయి: నీ కొలతతో నాకు పని లేదు. మొక్క రసం పీల్చే సన్నటి తామర పురుగుల లెక్క తీసుకో. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతలో దూరి తోటలకు తోటలు పీకించింది. తెల్ల కాగితం పట్టుకొని పువ్వును దాని మీద తట్టితే పురుగులు రాలి పరుగెత్తుతాయి. మొక్కకు ఎన్ని, సాలుకు ఎన్ని అని వారానికి రెండుసార్లు రాస్తే, మందు ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు అక్కరలేదో తెలుస్తుంది. నీలి రంగు జిగురు అట్టలు తోటలో పెట్టి ఊరుకుంటారు గాని, వాటికి అంటిన పురుగులను లెక్కపెట్టే తీరిక ఎవరికీ ఉండదు. చూపు బాగున్న పద్నాలుగేళ్ల పిల్ల ఈ పని నాకంటే బాగా చేస్తుంది.

అమ్మాయి: మరి పిల్లలకు నాలుగు రోజులే సెలవు ఇస్తే వారానికి రెండుసార్లు ఎలా కుదురుతుంది?

బాబాయి: కుదరదు. అందుకే నాలుగు రోజుల ముచ్చట వద్దంటున్నాను. నారు పోసిన నాటి నుంచి యార్డులో కాటా వేసే దాకా, ఒకే తోటకు, ఒకే రైతు దగ్గరికి, ఆదివారం ఆదివారం రావాలి. పదో తరగతి వారికి మార్చిలో పరీక్షలు కనుక తొమ్మిదో తరగతి వారే తగినవారు. నేర్పినందుకు ఆ రైతుకు బడి ఎంతో కొంత ముట్టజెప్పాలి.

అమ్మాయి: మా యాజమాన్యం రైతుకు డబ్బు ఇస్తుందా? కంప్యూటరు మాస్టారికే రెండు నెలలుగా ఇవ్వలేదు. అయ్యో, ఈ మాట తీసేయాలి.

బాబాయి: తీసేయవద్దు. కమిషన్, హమాలీ, కాటా కూలి, లారీ కిరాయి పోగా చేతికి ఎంత మిగిలిందో ఆ పిల్ల తన పద్దు పుస్తకంలో చివరి గీత గీసి చూసిన రోజున...

అమ్మాయి: మూడోసారి.

బాబాయి: ఉండమ్మా, త్రీ ఫేజ్ కరెంటు వచ్చినట్లుంది, మోటారు చప్పుడు వినిపిస్తోంది. నిన్నటి నుంచి నారుమడికి నీళ్లు లేవు. నేను వెళ్లాలి.

అమ్మాయి: బాబాయి, రైతును ఎలా ఎంచుకోవాలో మనం ఇంకా చెప్పలేదు. చెప్పులు, చెప్పులు వేసుకొని వెళ్లండి...